ఆరోగ్య విషయములు: ఉదర శస్త్రచికిత్సకు రెండు మత్తులేల?

"నిద్రపుచ్చియే కోయుదురు గదా! మరల వెన్నులో సూది యెందులకు?" అని మా అక్కగారు నన్ను అడిగినప్పుడు నా యొద్ద సమాధానము లేకపోయెను. ఇంటిలో ఎవరికైన కడుపునకు పెద్ద శస్త్రచికిత్స చేయవలసి వచ్చినప్పుడు ఈ ప్రశ్న మనలో అనేకులకు ఎదురగును. కావున ఈ మాసపు శీర్షికను దీనికే వినియోగించుచున్నాను.

మా అక్కగారికి ఏబదియెనిమిది సంవత్సరములు. గత వర్షాకాలమున ఆమె పెద్దప్రేగులో గడ్డ యున్నదని తేలినది. ఆమె కుమారుడు మాదాపురములో కంప్యూటరు ఉద్యోగి, కొండాపురమున కాపురము. అతడు తల్లిని గ్రామము నుండి పిలిపించి, ఆ ప్రాంతములోనే యొక ఆసుపత్రిలో చూపించెను. గడ్డ పెద్దది గనుక చిన్న రంధ్రముల ద్వారమున తీయుట సాధ్యము కాదనియు, బొడ్డునకు పైనుండి క్రింది వరకు కోయవలసి యుండుననియు శస్త్రవైద్యులు చెప్పిరి. తోడుగా నేనును పోయితిని.

శస్త్రచికిత్సకు కొన్ని దినముల ముందు మత్తు వైద్యుల పరీక్ష యుండును. ఆనాడు మమ్ము చూచిన వైద్యురాలు ముప్పది యేండ్లు నిండని యువతి. ఆమె అక్కగారి నోరు తెరిపించి చూచి, మెడ వంచించి, మెట్లెక్కిన ఆయాసము వచ్చునా యని అడిగి, చివరకు "అమ్మా, మీకు పూర్తి మత్తు ఇచ్చెదము. దానికి ముందు వెన్నులో ఎపిడ్యూరల్ గొట్టము కూడ అమర్చెదము" అని చెప్పెను. అక్కగారి ముఖము పాలిపోయెను. కాన్పు సమయమున వెన్నులో సూది పడినందుననే తనకు జీవితాంతము నడుము నొప్పి మిగిలినదని ప్రక్కింటి యిల్లాలు చెప్పియుండెను. కాళ్లు పడిపోవునని మరియొకరు భయపెట్టియుండిరి. "పిన్నీ, అమ్మకు మీరే నచ్చజెప్పవలెను" అని బాబు నన్ను వేడుకొనెను. తెలియని విషయమును నచ్చజెప్పుట యెట్లు? అందుచేత నా సందేహములన్నియు ఆ వైద్యురాలి ముందుంచితిని. ఆమె విసుగుకొనక వివరించెను. ఆమె చెప్పినదియు, తరువాత నేను చదివి తెలిసికొన్నదియు మీకు విన్నవించుచున్నాను.

విరాటపర్వము చదివినవారికి సమ్మోహనాస్త్రము జ్ఞప్తియందుండును. అర్జునుడు దానిని ప్రయోగించినంతనే కౌరవవీరులు ఒడలెరుగక పడిపోయిరి. ఉత్తరుడు వారి తలపాగల వస్త్రములు తీసికొని వచ్చినను వారికి తెలియలేదు. పూర్తి మత్తు అట్టిదే. నరములోనికి మందు ఎక్కించుటతో రోగికి నిద్ర వచ్చును. పిదప గొంతులో గొట్టము అమర్చి, శ్వాసను యంత్రముచే నడిపించుచు, వాయురూపమున మందు ఇచ్చుచు ఆ నిద్రను నిలిపియుంచెదరు. శస్త్రవైద్యుని కత్తికి అడ్డు రాకుండ కడుపు కండరములు సడలుటకు మరియొక మందు ఇచ్చెదరు. రోగికి ఏమియు తెలియదు, ఏమియు జ్ఞాపకముండదు.

కాని నిద్ర వేరు, నొప్పి వేరు. మనము నిద్రించినను కోతపడిన చోటు నుండి నరములు మెదడునకు వార్తలు పంపుచునే యుండును. ఆ వార్తలను పట్టి దేహము లోలోపల కలత చెంది, గుండె వేగము హెచ్చును, రక్తపుపోటు పెరుగును. మెలకువ వచ్చినంతనే ఆ వార్తలన్నియు నొప్పియై ఒక్కసారి మీదపడును. కౌరవులు మేల్కొన్నప్పుడు వస్త్రములు మాత్రమే పోయినవి. మన రోగికి ఒక జానెడు కోత మిగిలియుండును.

ఎపిడ్యూరల్ పని ఇచటనే ఆరంభమగును. మన వెన్నెముకలో నడుమ వెన్నుపాము గలదు. దానిని చుట్టి నీటితో నిండిన గట్టి పొర యొకటి యున్నది. ఆ పొరకు వెలుపల, ఎముకకు లోపల, ఇరుకైన చోటు గలదు. కడుపు నుండి వచ్చు నరములన్నియు ఆ చోటు దాటియే వెన్నుపామును చేరవలెను. కోటలోని రాజునకు వార్త చేరకుండవలెనన్న రాజును నిద్రపుచ్చుట యొక మార్గము. కోటగుమ్మము కడ వార్తాహరుని నిలిపివేయుట మరియొక మార్గము. పూర్తి మత్తు మొదటిది, ఎపిడ్యూరల్ రెండవది. పెద్ద ఉదర శస్త్రచికిత్సలో ఈ రెండును కలిపి వాడుదురు. గుమ్మము కడ వార్త ఆగిన పిదప రాజును నిద్రపుచ్చుటకు అంత మందు అక్కరలేదు. తక్కువ మత్తుతో పని జరుగును, మెలకువయు తేటగా వచ్చును.

మందు ఎంత, దేనికి ఎంత యను ఈ విచారణతో మన హైదరాబాదునకు పాత సంబంధమే కలదు. 1846లో అమెరికాలోని బోస్టను నగరమున ఈథరు, 1847లో స్కాట్లండులోని ఎడింబరోలో క్లోరోఫారము శస్త్రచికిత్సకు వాడుకలోనికి వచ్చినవి. అప్పుడు ఒక్క మందే అన్ని పనులును చేయవలసియుండెను. నిద్రపుచ్చవలెనన్నను, నొప్పి తెలియకుండవలెనన్నను, కండరములు సడలవలెనన్నను క్లోరోఫారమే ఇంకను ఇంకను పీల్పించుచుండిరి. అందుచేత కొందరు ఆ బల్లమీదనే ప్రాణములు విడుచుచుండిరి. క్లోరోఫారము ముందు గుండెను ఆపునా, శ్వాసను ఆపునా యను వాదము పుట్టెను. హైదరాబాదు వైద్యపాఠశాలకు అధిపతియైన డాక్టరు ఎడ్వర్డు లారీ, శ్వాసయే ముందు ఆగును, గుండె కాదు అని నమ్మెను. 1888లో ఒకసారి, 1889లో మరియొకసారి ఈ నగరముననే క్లోరోఫారము కమిషనులు కూర్చుండి పరీక్షలు జరిపినవి. రెండవ కమిషనునకు లండనులోని లాన్సెట్ అను వైద్యపత్రిక డాక్టరు లాడర్ బ్రంటనును పంపెను. అందుకైన ఖర్చునకు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను 1,000 పౌనుల ధనము నిచ్చెను.

ఆ కమిషను శ్వాసయే ముందు ఆగునని తీర్పు చెప్పెను. ఆ తీర్పు పూర్తిగా నిలువలేదు. క్లోరోఫారము తేలికగా పట్టినప్పుడు గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగగలదని 1911లో గుడ్‌మన్ లీవీ అను వైద్యుడు చూపెను. క్లోరోఫారము క్రమముగా వాడుక తప్పినది. ఐనను రోగి శ్వాసను క్షణమైన విడువక కనిపెట్టవలెనను హైదరాబాదువారి హెచ్చరిక మాత్రము నేటికిని చెల్లుచున్నది. కరోనా కాలమున మనము వ్రేలికి తగిలించుకొన్న ప్రాణవాయువు కొలత యంత్రమును, వదలిన శ్వాసను గీతగా చూపు మరియొక యంత్రమును నేడు ప్రతి శస్త్రచికిత్సలోను ఆ పనియే చేయుచున్నవి.

ఆ కాలపు వైద్యులలో మనము ప్రత్యేకముగా స్మరింపవలసిన వనిత యొకరు గలరు. ఆమె పేరు రూపాబాయి ఫర్దూంజీ. పారసీక కుటుంబమునకు చెందిన హైదరాబాదు స్త్రీ. డాక్టరు లారీ యొద్ద చదివి, ఈ నగరపు ఆసుపత్రులలో రోగులకు క్లోరోఫారము ఇచ్చుచుండెను. మత్తు శాస్త్రమునకు ప్రత్యేక విద్య లేని ఆ దినములలో ఎడింబరోకు పోయి భౌతిక, రసాయన శాస్త్రములు అభ్యసించెను. ప్రపంచములోని తొలి స్త్రీ మత్తు వైద్యులలో ఆమెను లెక్కింతురు. మా అక్కగారి నాడి పట్టిన ఆ యువతిని చూచినప్పుడు నాకు రూపాబాయి జ్ఞాపకము వచ్చెను. అఫ్జల్‌గంజు నుండి నేటి హైటెక్ సిటీ వరకు ఈ విద్యలో స్త్రీలు నడచిన త్రోవ చిన్నది కాదు.

వెన్నులో మందిచ్చుట తరువాతి కథ. 1921లో స్పెయిను దేశపు సైనిక వైద్యుడు ఫిడెల్ పాహెస్ ఎపిడ్యూరల్ పద్ధతిని వివరించి వ్రాసెను. ఒక్కసారి యిచ్చిన మందు కొన్ని గంటలలో తీరిపోవును గదా! 1947లో క్యూబా దేశపు హవానాలో మార్టినెజ్ కుర్బేలో అను వైద్యుడు ఆ చోట సన్నని గొట్టము నిలిపి, కావలసినప్పుడెల్ల మందు పంపు మార్గము చూపెను. దినముల తరబడి నొప్పిని ఆపుట అప్పటినుండి సాధ్యమైనది.

ఇప్పుడు అది యెట్లు అమర్చెదరో చెప్పెదను. రోగిని బల్లమీద కూర్చుండబెట్టి, లేక ప్రక్కకు పరుండబెట్టి, పిల్లివలె వీపు గుండ్రముగ వంచుమందురు. పెద్దవారికి సాధారణముగా మెలకువలోనే అమర్చెదరు. సూది తగులునప్పుడు కాలిలో గాని, ప్రక్కలో గాని జివ్వుమన్నచో రోగియే చెప్పవలెను గనుక ఈ యేర్పాటు. ముందుగా చర్మము మొద్దుబారుటకు చిన్న సూది వేయుదురు. దంతవైద్యుడు వేయు సూదికంటె అది బాధాకరము కాదని మా అక్కగారే తరువాత చెప్పెను. పిదప ప్రత్యేకమైన సూదితో ఆ యిరుకుచోటు చేరి, దారమంత గొట్టమును లోనికి పంపి, సూదిని వెలికి తీసివేయుదురు. వెన్నులో నిలుచునది మెత్తని గొట్టమే కాని సూది కాదు. ఇది మనలో అనేకులు ఎరుగని సంగతి. కొంచెము మందు పంపి పరీక్షించి, పిదప నిద్రపుచ్చెదరు. శస్త్రచికిత్స ముగిసిన తరువాత రెండు మూడు దినములు చిన్న యంత్రము ఆ గొట్టము ద్వారా మందు పంపుచుండును. నొప్పి హెచ్చినప్పుడు రోగియే నొక్కుటకు మీట యొకటి చేతికిత్తురు. ఎంత నొక్కినను నియమించిన మోతాదు మించదు గనుక భయములేదు. అయితే దానిని రోగి తప్ప ఇతరులు నొక్కరాదు. నిద్రించుచున్న తల్లికి నొప్పి కలుగునేమో యని ప్రేమతో మీట నొక్కు కుమార్తెలు ఈ మాట గమనింపవలెను.

ఇంత ప్రయాస యెందులకు? మన కడుపు ప్రతి శ్వాసకును కదలును. పెద్ద కోత పడినవారు నొప్పికి భయపడి పైపైన శ్వాస తీయుదురు; దగ్గుటకు జంకుదురు. కఫము ఊపిరితిత్తుల అడుగున నిలిచి, జ్వరమునకును శ్వాసకోశ వ్యాధికిని దారితీయును. నొప్పి ఆగినచో రోగి గాఢముగ శ్వాసించును, దగ్గును, త్వరగా లేచి కూర్చుండును. నల్లమందు జాతి మందులు ఎక్కువగా వాడినచో ప్రేగులు మందగించును. మగత, వాంతి కలుగును. ఎపిడ్యూరల్ ఉన్నవారికి అవి తక్కువ చాలును గనుక ప్రేగుల కదలిక త్వరగా మరలివచ్చును. పెద్దప్రేగు రోగికి ఇది చిన్న లాభము కాదు.

ఐనను దీనిని సర్వరోగనివారిణిగా భావింపరాదు. 1889లో హైదరాబాదునకు వైద్యుని పంపిన ఆ లాన్సెట్ పత్రికయే 2002లో ఒక పెద్ద పరిశోధన ప్రకటించెను. అపాయము ఎక్కువగా గల తొమ్మిదివందలకు పైగా రోగులను రెండు తెగలుగా చేసి చూచిరి. శ్వాస సరిగా సాగక కష్టపడినవారు ఎపిడ్యూరల్ లేనివారిలో నూటికి 30 మంది కాగా, ఉన్నవారిలో 23 మంది. నొప్పియు తక్కువ. కాని మరణముల సంఖ్యలో చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. కావున ఇది నొప్పిని, శ్వాసకష్టమును తగ్గించు సాధనమే గాని ప్రాణమునకు హామీ కాదు.

దోషములను కూడ దాచక చెప్పవలెను. రక్తపుపోటు తగ్గవచ్చును, దానికి సెలైను, మందు ఇచ్చి సరిచేయుదురు. దురద పుట్టవచ్చును, మూత్రము బిగియవచ్చును, కాళ్లు కొంత బరువెక్కవచ్చును. కొందరిలో మందు ఒక ప్రక్కకే పట్టుటయో, గొట్టము జరుగుటయో తటస్థించి, వేరు మార్గము వెదుకవలసివచ్చును. సూది పొరను తాకినచో కొన్ని దినములు తీవ్రమైన తలనొప్పి యుండును. అన్నిటికంటె భయంకరమైనవి ఆ చోట రక్తము గడ్డకట్టి గాని, చీము చేరి గాని వెన్నుపామును నొక్కుట. ఇవి మిక్కిలి అరుదు. ఇంగ్లండు ప్రభృతి ప్రాంతములలో జరిపి 2009లో ప్రకటించిన విచారణలో, శస్త్రచికిత్సలకై ఎపిడ్యూరల్ పెట్టిన 1,00,000 మందిలో శాశ్వత హాని పొందినవారు 8 నుండి 17 మందియని లెక్కించిరి. ఇక దీర్ఘకాలపు నడుము నొప్పి సంగతి: సూది పడిన చోట కొన్ని దినములు నొప్పి యుండవచ్చును గాని, జీవితాంతపు నొప్పికి ఇది కారణమని పరిశోధనలలో తేలలేదు. ప్రసవించిన స్త్రీకి సూది పడినను పడకున్నను నడుము నొప్పి వచ్చుట మనకు క్రొత్త కాదు గదా!

అందరికిని ఇది అవసరము కూడ కాదు. చిన్న రంధ్రముల ద్వారా చేయు శస్త్రచికిత్సలలో నొప్పి తక్కువ గనుక, కడుపు గోడలోని నరములకు మాత్రమే మందిచ్చుట మొదలగు వేరు పద్ధతులు చాలును. ఎవరికి ఏది తగునో వైద్యులే నిర్ణయింతురు. అట్లు నిర్ణయించుటకు మనము నిజము చెప్పవలెను. మా యింట జరిగిన పొరపాటు ఇచటనే.

"రక్తమును పలుచబరచు మాత్ర లేవైన వాడుచున్నారా?" అని వైద్యురాలు అడిగినప్పుడు అక్కగారు లేదనిరి. రక్తపుపోటు మాత్ర, థైరాయిడు మాత్ర మాత్రమే చూపిరి. నేనును అదియే నిజమనుకొంటిని. ఆ రాత్రి ఆమె సంచి సర్దుచుండగా కుంకుమభరిణె ప్రక్కన మరియొక మాత్రల అట్ట కనబడెను. రెండేండ్ల క్రిందట ఒకపూట ఆమె మూతి వంకరవోయి, మాట తడబడినదట. ఊరి వైద్యుడు క్లోపిడోగ్రెల్ అను మాత్ర వ్రాసియిచ్చెను. నాటినుండి వాడుచునే యున్నది. "ఇది చెప్పినచో ఆపరేషను వాయిదా వేయుదురు. బాబు సెలవు పెట్టుకొన్నాడు. గదికి రొక్కము కట్టినాడు. ఎందులకు చెప్పవలెను?" అని అక్కగారు కన్నీరు పెట్టుకొనిరి.

సోదరీమణులారా! ఆమెను నేను తప్పుపట్టలేకపోయితిని. ఇంటివారికి భారము కాకూడదని తన నొప్పిని, తన మందును, తన భయమును దాచుకొనుట మనకు చిన్ననాటినుండి అలవాటైన గుణము. దానిని సహనమని మెచ్చుకొన్నారే గాని అపాయమని ఎవరును చెప్పలేదు. అక్కగారు నా చేయి పట్టుకొని చెప్పవలదని బ్రతిమాలిరి. ఆమె మాట కాదనుట నాకు కష్టమే యయ్యెను. ఐనను మరునాడు ప్రొద్దుననే బాబుతో చెప్పి, వైద్యురాలికి ఫోను చేయించితిని. ఆమె కోపగించుకొనలేదు. "మంచిపని చేసితిరి. ఆ మాత్ర ప్రభావముండగా వెన్నులో సూది వేసినచో లోపల రక్తస్రావమై, గడ్డకట్టి నరములను నొక్కవచ్చును. కాళ్లు పడిపోవుననెడి భయము అప్పుడు నిజమగును" అని చెప్పెను. నరముల వైద్యునితో సంప్రదించి, ఆయన అనుమతితో ఆ మాత్ర ఆపించి, వారము దినములు గడిచిన పిదప శస్త్రచికిత్స జరిపిరి. బాబు కార్యాలయమువారు మరి కొన్ని దినములు ఇంటినుండి పనిచేయుటకు ఒప్పుకొనిరి. అక్కగారు అంతగా భయపడిన వాయిదా అంతటితో తీరిపోయెను.

శస్త్రచికిత్స నాలుగు గంటలు పట్టెను. మొదటి రాత్రి రక్తపుపోటు కొంత తగ్గగా మందు సరిచేసిరి. ఎడమ తొడ మొద్దుబారినదని ఆమె చెప్పగా, యంత్రములోని మోతాదు తగ్గించిరి. ఉదయమునకు తిమ్మిరి పోయెను. రెండవ దినమున దిండును కడుపునకు అదుముకొని దగ్గెను, కుర్చీలో కూర్చుండెను. నాలుగవ దినమున గొట్టము తీసివేసిరి. "తీసినట్లే తెలియలేదే!" అని ఆశ్చర్యపడెను. గడ్డకు సంబంధించిన చికిత్స ఇంకను మిగిలియున్నది. కాని ఆ మొదటి కష్టమును ఆమె ధైర్యముగా దాటెను.

ఇట్టి సమయము మీ యింట వచ్చినప్పుడు ఈ క్రింది సంగతులు మరువకుడు.

రోగి వాడు ప్రతి మాత్రయు, కషాయమును, చూర్ణమును, పాత చీట్లును ఒక సంచిలో వేసి మత్తు వైద్యులకు చూపుడు. రక్తము పలుచబరచు మాత్రలను మీయంతట మీరు ఆపవలదు, ఆపుటయు అపాయమే. ఎప్పుడు ఆపవలెనో, మరల ఎప్పుడు మొదలిడవలెనో వైద్యులే చెప్పవలెను.

పూర్వము మత్తు ఇచ్చినప్పుడు కలిగిన యిబ్బందులు, మందులు పడకపోవుట, కదలు పళ్లు, కట్టుడు పళ్లు, ఉబ్బసము, గురక మొదలగునవి అడుగకున్నను చెప్పుడు.

ఉపవాసపు నియమమును ఖండితముగ పాటింపుడు. సామాన్యముగ ఘనాహారము 6 గంటల ముందును, మంచినీరు 2 గంటల ముందును ఆపుమందురు. మీ వైద్యులు చెప్పిన వేళయే మీకు ప్రమాణము. నీరసించునని జాలిపడి రహస్యముగ ఇడ్లీ పెట్టుట ప్రేమ కాదు. మత్తులో అది ఊపిరితిత్తులలోనికి పోగలదు.

గొట్టమున్న దినములలో రోగిని ఒంటరిగా లేవనీయకుడు. కాళ్లలో బలము హఠాత్తుగా తగ్గినను, తిమ్మిరి తగ్గుటకు మారుగా పెరిగినను, వెన్నులో తీవ్రమైన నొప్పి పుట్టినను, మూత్రము ఆగినను తక్షణమే నర్సుతో చెప్పుడు. గొట్టము తీసి ఇంటికి వచ్చిన తరువాత కనబడినను ఆలస్యము చేయక ఆసుపత్రికి పొండు. వెన్నుపాముపై ఒత్తిడి కలిగినప్పుడు గంటలు లెక్కకు వచ్చును.

తుదకు ఒక మాట. శస్త్రవైద్యుని పేరు అందరమును విచారింతుము. మత్తు వైద్యుని పేరు అడుగువారు అరుదు. కత్తి పట్టినవారు పని ముగించి వెడలువరకు రోగి శ్వాసను కనిపెట్టుకొని తలప్రక్కన నిలుచువారు వారే. వారు ప్రశ్నించుటకు వచ్చినప్పుడు కుమారుడో, భర్తయో సమాధానము చెప్పునని ఊరకుండక, రోగియైన స్త్రీయే తన నోట చెప్పవలెను. తన సందేహమును తానే అడుగవలెను. మా అక్కగారు ఇప్పుడు ఊరిలో తన యీడువారికి ఈ మాటయే చెప్పుచున్నారని విని సంతోషించుచున్నాను. మీరును మీ ఇరుగుపొరుగువారికి చెప్పుదురుగాక.